చలికాలపు ఉచిత కలయిక: చిన్న ఊరి లైబ్రరీలో, కమ్యూనిటీ హాల్లో సరిగ్గా నడపడం ఎలా

చలికాలంలో ఎవరైనా ఉచితంగా వచ్చి కాసేపు కూర్చునే ఇలాంటి కలయిక గురించి వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: "హాలు ఉంది, సాయానికి నలుగురైదుగురు ఉన్నారు, ఏ కార్యక్రమం పెట్టమంటారు?" కార్యక్రమం ఊసు ఇక్కడ ఏడో మెట్టుకు గానీ రాదు. కావాలనే అలా పెట్టాం.

చాలాచోట్ల పని తలకిందులుగా మొదలవుతుంది. ముందు పోస్టరు, తర్వాత వక్త, ఆ తర్వాత తినుబండారాలు. హాలు ఎంత చల్లగా ఉందో ఆ రోజు తలుపు తీసేదాకా ఎవరికీ తెలియదు. వచ్చినవాళ్ళు కోటు విప్పకుండానే కూర్చుని, అరగంటకు లేచిపోతారు. వక్త బాగోలేదని నిర్వాహకులు అనుకుంటారు. నిజానికి బాగోలేనిది కుర్చీ పక్కనున్న కిటికీ.

ఇది సభ కాదు. వెచ్చటి గది, వెలుతురు, మాట వినపడేంత దగ్గరలో మనుషులు ఉంటే ముప్పావు వంతు పని అయినట్టే. ఒంటరిగా, మొదటిసారి, కాస్త మొహమాటంగా లోపలికి వచ్చే ఒక మనిషిని మనసులో పెట్టుకుని ప్రతి ఏర్పాటూ చూసుకోండి.

కింది లెక్కలన్నీ ఒకే ఉదాహరణ మీద వేసినవి: 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న హాలు, 40 మంది, రెండు గంటల సమయం. మీ హాలుకు తగ్గట్టు పెంచుకోండి, తగ్గించుకోండి.

1. రోజు, గంట, పేరు ఖాయం చేయడం

వారానికి ఒకసారి, అదే రోజు, అదే గంటకు పెట్టండి. "నెలలో రెండో, నాలుగో వారం" అన్న లెక్క ఎవరికీ గుర్తుండదు. తప్పు వారం వచ్చి తాళం చూసి వెళ్ళిన మనిషి మళ్ళీ రారు. వరసగా కనీసం ఎనిమిది వారాలు నడపగలిగితేనే మొదలుపెట్టండి. మొదటి మూడు వారాలు జనం పలచగానే ఉంటారు. నాలుగో వారం దాకా ఏ నిర్ణయమూ మార్చవద్దు.

చలికాలంలో పొద్దు త్వరగా పోతుంది. వయసు మళ్ళినవాళ్ళు ఎక్కువగా వస్తారనుకుంటే, చీకటి పడటానికి అరగంట ముందే ముగిసేలా మధ్యాహ్నం పెట్టండి. ఉద్యోగాలు చేసేవాళ్ళు, బడి పిల్లల తల్లిదండ్రులు కావాలంటే సాయంత్రం తప్పదు. ఇద్దరికీ సరిపడే గంట అంటూ లేదు. ఒక వర్గాన్ని ఎంచుకోండి. బస్సు మీద వచ్చేవాళ్ళుంటే గంటను బస్సును బట్టి పెట్టుకోవాలి: ముగింపుకూ బస్సుకూ మధ్య 15 నిమిషాలు చాలు. 50 నిమిషాలుంటే ఆ కాసేపూ వాళ్ళు చలిలో నిలబడాల్సిందే.

పేరు దగ్గర చాలామంది పొరపడతారు. "ఒంటరి వృద్ధుల కోసం", "ఇంట్లో హీటర్ వేసుకోలేనివారి కోసం" అని రాస్తే ఆ మాటకు సరిగ్గా సరిపోయేవాళ్ళే రారు. ఆ గుమ్మం తొక్కడమంటే తన ఇబ్బందిని ఊరందరికీ చెప్పుకోవడమే కదా. "గురువారం బల్ల", "మధ్యాహ్నం గది" లాంటి మామూలు పేరు పెట్టి, "ఎవరైనా రావచ్చు" అని కింద రాయండి.

2. భవనం బాధ్యుల్ని అడగాల్సినవి

ఫోన్‌లో సరేననిపించుకుని వదిలేయవద్దు. స్వయంగా వెళ్ళి, అదే రోజు, అదే గంటకు హాల్లో పది నిమిషాలు కోటు తీసి కూర్చోండి. ఆ తర్వాత ఇవి అడిగి రాసుకోండి.

- హాలుకు అనుమతించిన గరిష్ఠ సంఖ్య ఎంత?
- హీటింగ్‌ను ఎవరు, ఎక్కడ నుంచి ఆన్ చేస్తారు? టైమర్ ఉందా? సెలవు రోజున దానంతటదే ఆగిపోతుందా?
- తాళం చెవులు ఎన్ని? రెండోది ఎవరి దగ్గర ఉంటుంది?
- ఏయే ప్లగ్గులు ఏ బ్రేకర్ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) మీద ఉన్నాయి?
- అత్యవసర ద్వారాలు ఎన్ని? బయటి వైపు మంచు పేరుకుంటే అవి తెరుచుకుంటాయా?
- మెట్లు లేకుండా లోపలికి దారి ఉందా? ర్యాంపు వాలు 1:12 (12 అడుగుల పొడవుకు 1 అడుగు ఎత్తు) కన్నా నిటారుగా లేదు కదా?
- టాయిలెట్ ఎంత దూరం? అక్కడ వెచ్చగా ఉంటుందా?
- ప్రమాద బీమా వాలంటీర్లకు వర్తిస్తుందా?
- బయట నడకదారి మంచు తీసేది ఎవరు, ఎన్ని గంటలకు?

చివరి ప్రశ్నకు "ఎవరో ఒకరు తీస్తారు" అన్న జవాబు వస్తే, ఆ పని మీదేనని రాసుకోండి.

సంఖ్య విషయంలో అగ్నిమాపక పరిమితి ఒకటి, హాయిగా పట్టేది ఇంకొకటి. దళసరి కోట్లు, చేతికర్రలు, చక్రాల కుర్చీలు, బల్లలు అన్నీ కలిపితే మనిషికి 2 చదరపు మీటర్లు కావాలి. అంటే మన 80 చదరపు మీటర్ల హాలుకు 40 మంది. అనుమతి పత్రంలో 80 అని ఉన్నా సరే.

3. వేడి, గాలి, కరెంటు

అసలు పనంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నింపాదిగా చదవండి.

*ముందుగా వేడెక్కించడం.* హీటింగ్ వేసిన అరగంటకు థర్మామీటర్ 20 చూపిస్తుంది, అయినా లోపల వణుకుతూనే ఉంటారు. కారణం: వేడెక్కింది గాలే గానీ గోడలు, నేల, కుర్చీలు కావు. చల్లటి గోడ పక్కన కూర్చున్న ఒళ్ళు తన వేడిని దానికి ధారపోస్తూనే ఉంటుంది. కాబట్టి తలుపు తీయడానికి రెండు మూడు గంటల ముందే వేడి మొదలుపెట్టాలి. వారమంతా మూసి ఉండే రాతి, ఇటుక కట్టడమైతే ముందు రాత్రి నుంచే తక్కువ వేడి మీద ఉంచండి.

*ఎన్ని డిగ్రీలు?* ఇళ్ళలో 18 డిగ్రీల కన్నా తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో ఉంది. కదలకుండా కూర్చునే పెద్దవాళ్ళకు 20, 21 ఉంటే హాయి. అలాగని తలుపు తీసేసరికే 22 చేసి పెట్టవద్దు. కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. 40 మంది అంటే 4 కిలోవాట్లు, అంటే పెద్ద రూమ్ హీటర్లు రెండు వెలిగించినంత! తలుపు తీసేటప్పుడు 19 ఉంచండి, మిగతాది జనమే తెస్తారు. థర్మామీటర్‌ను హీటర్ పక్కన కాకుండా అన్నిటికన్నా చల్లటి మూలలో, కూర్చున్నవాళ్ళ ఛాతీ ఎత్తులో పెట్టండి.

*గాలి.* చలికి భయపడి అన్నీ బిగించేస్తే ఇంకో తంటా మొదలవుతుంది. బిగుతుగా మూసిన మన హాల్లో 40 మంది కూర్చుంటే పావుగంట, ఇరవై నిమిషాల్లో కార్బన్ డయాక్సైడ్ 1000 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 1000 భాగాలు, దాటుతుంది (బయటి గాలిలో ఉండేది సుమారు 420). ఆ పైన ఆవులింతలు, తలబరువు, మగత. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయంటే గాలి మారడం లేదని అర్థం. దగ్గు, జలుబు ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ ఇలాంటి గదిలోనే.

ఒక్క కిటికీని సన్నగా రెండు గంటలూ తెరిచి ఉంచడం పనికిరాదు. దాని పక్కనున్నవాళ్ళు గడ్డకడతారు, అవతలి మూలకు గాలే చేరదు. ప్రతి అరగంటకూ ఎదురెదురు కిటికీలు పూర్తిగా తెరిచి, 4, 5 నిమిషాల్లో మూసేయండి. గాలి మారిపోతుంది, గోడల్లో వేడి మిగిలే ఉంటుంది కాబట్టి గది త్వరగా కోలుకుంటుంది. "ఐదు నిమిషాలు గాలి మారుస్తున్నాం, కాస్త లేచి నడవండి" అని ముందే చెప్పి చేస్తే ఎవరూ విసుక్కోరు. కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి అరువు తెచ్చుకుని మొదటి రెండు వారాలు చూసుకోండి. తర్వాత మీకే అంచనా వస్తుంది.

*కరెంటు.* హాలు చల్లగా ఉందని తలా ఒక రూమ్ హీటర్ తెచ్చి పెట్టడం, అదే బోర్డు మీద నీళ్ళు కాచే పాత్ర పెట్టడం, సరిగ్గా పాతికమంది వచ్చాక కరెంటు పోవడం. ఇది చాలా హాళ్ళలో జరిగే తంతే. లెక్క సులువు: వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 230 వోల్టుల మీద 16 ఆంపియర్ల బ్రేకర్ మోసేది 3680 వాట్లు. 2000 వాట్ల హీటర్లు రెండు పెడితేనే దాటిపోయింది. 120 వోల్టుల దేశాల్లో 15 ఆంపియర్ల లైను 1800 వాట్లకే సరి. ఒక్క 1500 వాట్ల హీటర్‌తో అది దాదాపు నిండిపోతుంది.

- హీటర్‌ను నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దే వద్దు.
- చుట్ట చుట్టి ఉన్న ఎక్స్‌టెన్షన్ వైరు లోపల వేడెక్కి కాలుతుంది. నీళ్ళ పాత్రకైనా సరే, పూర్తిగా విప్పి వాడాలి.
- హీటర్ చుట్టూ 1 మీటరు మేర కోటు, కర్టెన్, కాగితం, కుర్చీ ఏదీ ఉండకూడదు.
- వైరు నడకదారిని దాటకూడదు. తప్పకపోతే కేబుల్ కవర్ వేయండి. చాప కింద దాచవద్దు.

*నిప్పు.* బొగ్గుల కుంపటి, పొగగొట్టం లేని గ్యాస్ లేదా కిరోసిన్ హీటర్ లోపల పెట్టవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు, వాసన ఉండవు. ఒకేసారి నలుగురైదుగురికి తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం మొదలైతే దాన్ని టీ మీదకు నెట్టకండి. అందరినీ బయటకు తీసుకెళ్ళి, అత్యవసర సేవకు ఫోన్ చేయండి. బాయిలర్, చిమ్నీ, గ్యాస్ పొయ్యి ఉన్న భవనమైతే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో, అది పలుకుతుందో లేదో సీజన్‌కు ముందే నొక్కి చూడండి.

4. గుమ్మం, దారి, కోట్లు

గేటు నుంచి గుమ్మం దాకా 120 సెంటీమీటర్ల వెడల్పున మంచు తీసిన దారి, ఆ పొడవునా దీపాలు, పట్టుకోవడానికి రెయిలింగ్ కావాలి. ఉప్పు గడ్డకట్టాక చల్లడం కన్నా కట్టకముందు చల్లడం మేలు. మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీల దాకానే బాగా పనిచేస్తుంది. అంతకన్నా చలిగా ఉంటే కాల్షియం క్లోరైడ్ వాడాలి, లేదా పట్టు కోసం ఇసుక చల్లాలి.

ఎక్కువమంది మరిచేది ఇది: వచ్చేటప్పుడు బాగున్న దారే వెళ్ళేటప్పుడు ప్రమాదం. పగలు కరిగి చూరు నుంచి కారిన నీళ్ళు పొద్దు వాలగానే అద్దంలా గడ్డకడతాయి. ముగింపుకు అరగంట ముందు ఒకరు బయటికి వెళ్ళి, తామే నడిచి చూసి, మళ్ళీ ఉప్పో ఇసుకో వేయాలి.

లోపల గుమ్మం నుంచి కనీసం 3 మీటర్ల పొడవున నీళ్ళు పీల్చే మ్యాట్ వేయండి. చిన్న చాప మీద ఒక్క అడుగే పడుతుంది, తడి అంతా హాల్లోకి వస్తుంది. తడిసి ముద్దయిన మ్యాట్ తుడవదు సరికదా, జారుతుంది. ఇంకొకటి సిద్ధంగా ఉంచండి. తుడుపుకర్ర, బకెట్ గుమ్మం పక్కనే ఉండాలి, తాళం వేసిన గదిలో కాదు.

కోట్లు తగిలించే స్టాండ్ కుర్చీల్లో కూర్చుంటే కనపడేచోట పెట్టండి. మలుపు తిరిగిన వరండాలో పెడితే ఎవరూ కోటు వదలరు, ఒళ్ళో పెట్టుకునే కూర్చుంటారు. కొన్ని కొక్కేలు 120 సెంటీమీటర్ల ఎత్తులోపే ఉంటే చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకు అందుతాయి. తడి కోట్లను హీటర్ మీద ఆరేయనివ్వవద్దు.

ఇక విరాళాల డబ్బా. గుమ్మం దగ్గర డబ్బా పెట్టి గోడ మీద "ఉచితం" అని రాస్తే, చేతిలో చిల్లర లేని మనిషి డబ్బానే నమ్ముతారు. ఈ రెండు గంటలూ డబ్బా కనపడకూడదు. పేరు, చిరునామా రాయించుకునే పుస్తకమూ గుమ్మం దగ్గర వద్దు. లెక్క కావాలంటే చేతిలో పట్టే కౌంటర్ నొక్కుతూ పోతే చాలు.

5. కుర్చీలు, బల్లలు

వరసల్లో కుర్చీలు వేస్తే పక్కవాళ్ళ మొహం కనపడదు, వీపులే కనపడతాయి. పెద్ద వలయంగా వేస్తే ఆలస్యంగా వచ్చినవాళ్ళు అందరి కళ్ళ ముందు నడవాలి. నలుగురు నుంచి ఆరుగురు పట్టే బల్లలు మేలు.

- 40 మంది వస్తారనుకుంటే 25 కుర్చీలే పరచండి. మిగతా 15 గోడ పక్కన దొంతిగా ఉంచి, జనం వచ్చేకొద్దీ తెచ్చి వేయండి. ఖాళీ కుర్చీలు ఎక్కువైతే జనం దూరదూరంగా చెదిరిపోతారు, గది బోసిపోతుంది.
- గుమ్మానికి దగ్గరగా రెండు మూడు కుర్చీలు బల్ల లేకుండా వేయండి. "కాసేపు చూసి వెళ్తా" అనుకునేవాళ్ళకు అవే ఆసరా.
- కూర్చునే ఎత్తు 45 సెంటీమీటర్లు. మూడో వంతు కుర్చీలకైనా చేతులు ఉండాలి. లేవడానికి అవే ఊతం. లోతైన సోఫాలు చూడటానికి బాగుంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వాటిలోంచి లేవలేరు.
- కిటికీకి, బయటి గోడకు 1 మీటరు ఎడం.
- బల్లల మధ్య కనీసం 90 సెంటీమీటర్లు; ఒకచోటైనా చక్రాల కుర్చీ తిరగడానికి 150 సెంటీమీటర్ల వృత్తం ఖాళీగా ఉండాలి.
- చక్రాల కుర్చీకి ప్రతి రెండు బల్లల్లో ఒకదాని దగ్గర ఖాళీ చోటు ముందే వదలండి. వాళ్ళు వచ్చాక అందరినీ లేపి జరపడం వాళ్ళకే ఇబ్బంది.

కుర్చీ కాళ్ళకు ఫెల్ట్ (మెత్తటి దళసరి గుడ్డ) ముక్కలు అంటించండి. నేల మీద కుర్చీలు గీసుకునే చప్పుడు వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్ళకు నరకం. వెనకాల సన్నగా పాటలు పెట్టే అలవాటూ మానుకోవాలి. ఆ సందడిలో మాట తెలియక చెవి మందమైనవాళ్ళు ఊరికే నవ్వి ఊరుకుంటారు, మరుసటి వారం రారు. ఎవరైనా అందరితో మాట్లాడాలంటే మైకు పట్టుకోవాల్సిందే. "నా గొంతు పెద్దదే, మైకు ఎందుకు" అనేవాళ్ళ మాట వెనక బల్లకు ఎప్పుడూ వినపడదు.

6. వేడి పానీయాలు, తినేవి

మనిషికి 180 మిల్లీలీటర్ల కప్పులు రెండు చొప్పున 40 మందికి 14 లీటర్లకు పైన. 20 లీటర్ల పాత్ర సరిపోతుంది. 3 కిలోవాట్ల ఎలిమెంట్‌తో చల్లటి 20 లీటర్లు మరగడానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది కాబట్టి గంట ముందే ఆన్ చేయండి. చాలాచోట్ల జనం వచ్చాక ఆన్ చేసి, నీళ్ళ కోసం అందరూ ఎదురుచూస్తారు.

పాత్ర గోడకు ఆనించి, పిల్లల చేతికి అందని చోట ఉండాలి. వైరు బల్ల అంచు నుంచి వేలాడకూడదు. మరిగే నీళ్ళు కప్పుల్లో పట్టుకుని జనం మధ్య నడవవద్దు. మూత బిగించిన ఫ్లాస్కుల్లో బల్లల దగ్గరికి తీసుకెళ్ళండి. 60 డిగ్రీల నీళ్ళు 5 సెకన్లలో పెద్దవాళ్ళ చర్మాన్ని కాల్చగలవు, పిల్లలకు అంత సేపూ అక్కర్లేదు. చేతులు వణికేవాళ్ళ కోసం పిడి ఉన్న బరువైన మగ్గులు కొన్ని ఉంచి, సగమే నింపి ఇవ్వండి. పల్చటి పేపర్ కప్పు వేడికి పట్టుకోలేరు.

తినేవి సాదాగా ఉండనివ్వండి: కత్తి, ప్లేటు అక్కర్లేనివి, పొడిగా ఉండేవి. వండినది పెడితే వేడిది 60 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపల ఉంచాలి. మామూలు గదిలో 2 గంటలకు మించి ఉంటే పారేయాలి. పల్లీలు, గింజపప్పులు, నువ్వులు, పాలు, గుడ్డు, గోధుమ వీటిలో ఏది ఉందో చీటీ మీద రాసి ముందు పెట్టండి. చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్ళు ఉండాలి. చలికాలంలో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు.

7. చేతికి పని, చెవికి మాట

రెండు గంటల్లో నిర్వాహకులు నడిపే భాగం 30 నిమిషాలు మించకూడదు. మొదటి అరగంట ఏమీ వద్దు. వచ్చి, కోటు విప్పి, కప్పు పట్టుకుని, ఎవరు ఎక్కడున్నారో చూసుకోవడానికి అంతసేపు కావాలి.

బల్ల మీద చేతికి పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. ఎదురెదురుగా కూర్చుని "ఇక మాట్లాడుకోండి" అంటే ఎవరికీ నోరు పెగలదు. అందుకు బాగా కుదిరేవి:

- 1000 ముక్కల జిగ్‌సా (ముక్కలు పేర్చి బొమ్మ పూర్తిచేసే ఆట). రెండు గంటల్లో పూర్తికాదు, అదే దాని సుగుణం. దళసరి అట్ట మీద పేర్చి, వారం వారం అక్కడి నుంచే కొనసాగించండి. పూర్తికాని బొమ్మ జనాన్ని మళ్ళీ రప్పిస్తుంది.
- ఊలు అల్లిక, గుండీలు కుట్టడం, చిరుగులు సరిచేయడం. సూదులు ఎన్ని తీశారో లెక్కపెట్టి మళ్ళీ డబ్బాలో వేయించండి.
- రెండు నిమిషాల్లో నియమాలు చెప్పగలిగే ఆటలు. పావుగంట వివరించాల్సిన ఆట కొత్తవాళ్ళను తరిమేస్తుంది.
- ఊరి పాత ఫొటోలు పెద్దవి చేసి, వెనక ఖాళీ కాగితంతో బల్ల మీద పరచడం. "ఈ మేడ ఎక్కడిది?" అన్న ఒక్క ప్రశ్న ముప్పావుగంట నడుస్తుంది.
- లైబ్రరీ అయితే పుస్తకాల బండిని బల్లల మధ్యకు తోసుకురండి. అందులో పెద్ద అక్షరాల పుస్తకాలు తప్పనిసరి. చదివే బల్ల మీద వెలుతురు 300 నుంచి 500 లక్స్ ఉండాలి.
- గట్టిగా చదివి వినిపించడం: 15 నిమిషాలు, అంతే.

సినిమా వేద్దామనే సలహా ఎప్పుడూ వస్తుంది. టికెట్ లేకపోయినా జనానికి ప్రదర్శించడానికి సాధారణంగా హక్కుదారుల అనుమతి కావాలి. పైగా చీకట్లో రెండు గంటలు కూర్చుని ఎవరికీ పరిచయం కాకుండా వెళ్ళిపోతారు. మాకైతే ఆ ఆలోచన నచ్చదు.

8. ఎవరి పని ఏమిటి

40 మందికి ఆరుగురు: గుమ్మం దగ్గర ఒకరు, పానీయాల దగ్గర ఇద్దరు, బల్లల మధ్య ఇద్దరు, అన్నీ చూసుకునే బాధ్యులు ఒకరు. భవనంలో ఎప్పుడూ ఒక్కరే ఉండకూడదు. పిల్లలు వస్తే, ఇతరుల పిల్లలతో ఒక పెద్ద ఒంటరిగా ఉండే పరిస్థితి రానీయకండి.

గుమ్మం దగ్గర ఉండేవాళ్ళు కూర్చోకూడదు, ఫోన్ చూడకూడదు. వచ్చినవాళ్ళకు చెప్పాల్సినవి నాలుగే: కోటు ఎక్కడ పెట్టాలి, వేడిగా తాగేది ఎక్కడుంది, టాయిలెట్ ఎటు, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చు. చివరిది విన్నవాళ్ళే ఎక్కువసేపు ఉంటారు. ఊరు, ఉద్యోగం, "ఒక్కరే వచ్చారా?" లాంటి ఆరాలు వద్దు.

బల్లల మధ్య ఉండేవాళ్ళ పని కొత్తవాళ్ళను ఒక బల్ల దాకా తీసుకెళ్ళి, ఒక పని చేతికిచ్చి, తప్పుకోవడం. వాలంటీర్లు ఒకే బల్ల దగ్గర గుంపుగా చేరి కబుర్లాడుకోవడం చాలా మామూలు తప్పు. వాళ్ళకు తెలియకుండానే జరుగుతుంది. బాధ్యులు ప్రతి ఇరవై నిమిషాలకూ చూసి విడదీయాలి.

ఫొటోలు తీసేముందు అడగండి. మొహాలకు బదులు చేతులు, జిగ్‌సా, కప్పులు తీస్తే ఏ గొడవా ఉండదు.

9. నలుగురికీ తెలియజేయడం

పోస్టర్ మీద ఐదే సంగతులు: రోజు, గంట, చోటు, ఉచితం, మెట్లు లేని దారి ఉందో లేదో. అక్షరాలు గజం దూరం నుంచి కనపడాలి. మందుల షాపు, క్లినిక్, బస్టాప్, పోస్టాఫీసు లాంటి, జనం ఎలాగూ ఆగే చోట్ల అంటించండి. ఫోన్ నంబర్ కూడా వేస్తే అది భవనానిదై ఉండాలి, వాలంటీర్ సొంతది కాదు. ఇంట్లోంచి కదలనివాళ్ళ దగ్గరికి పోస్టరు చేరదు; వాళ్ళకు తెలిసిన మనిషి "మంగళవారం నేనూ వస్తున్నా, కలిసి వెళ్దాం" అనాలి.

10. మంచు తుఫాను రోజున

రద్దు నియమాన్ని సీజన్ మొదట్లోనే రాసిపెట్టండి: ఎవరు నిర్ణయిస్తారు, మొదలయ్యే గంటకు ఎన్ని గంటల ముందు. నాలుగు గంటల ముందు సరిపోతుంది. బడులు మూస్తే మీరూ మూయడం అన్నది అందరికీ సులువుగా గుర్తుండే నియమం. ఒక్కొక్కరు ఐదారుగురికి ఫోన్ చేసేలా గొలుసు జాబితా ఉంచుకుని, తలుపు మీద చీటీ కూడా అంటించండి.

జనం తక్కువ వస్తారని రద్దు చేయవద్దు. దారి బాగోలేకపోతేనే రద్దు.

11. ఆ రోజు చూసుకోవాల్సిన పట్టిక

- 3 గంటల ముందు: హీటింగ్ ఆన్. దారి, మెట్లు, అత్యవసర ద్వారాల బయట మంచు తీయడం.
- 1 గంట ముందు: నీళ్ళ పాత్ర ఆన్. మ్యాట్, బల్లలు, 25 కుర్చీలు. టాయిలెట్‌లో సబ్బు, కాగితం, దీపం.
- 30 నిమిషాల ముందు: ఎదురెదురు కిటికీలు తెరిచి 5 నిమిషాలు గాలి మార్చడం. చల్లటి మూలలో థర్మామీటర్ చూడటం.
- 15 నిమిషాల ముందు: తలుపు తీయడం. ముందే వచ్చినవాళ్ళను చలిలో నిలబెట్టవద్దు.
- ప్రతి 30 నిమిషాలకూ: గాలి, మ్యాట్, నేల మీద తడి.
- ముగింపుకు 30 నిమిషాల ముందు: బయటి దారి మళ్ళీ చూడటం. చివరి కప్పు అని చెప్పడం. ఇంటికి ఎలా వెళ్తున్నారో అడగడం.

ప్రథమ చికిత్స పెట్టె, దుప్పట్లు రెండు, భవనం పూర్తి చిరునామా రాసిన అట్ట ఫోన్ దగ్గర ఉంచండి. కంగారులో చిరునామా నోటికి రాదు. ఎవరైనా తడిసి, వణుకుతూ, మాట తడబడుతూ, అయోమయంగా వస్తే అది ఒట్టి చలి కాకపోవచ్చు. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి పడిపోతోందేమో. అత్యవసర సేవకు ఫోన్ చేసి, తడి బట్టలు తీసి, దుప్పటి కప్పండి. స్పృహలో ఉండి మింగగలిగితే గోరువెచ్చని తియ్యటి పానీయం ఇవ్వవచ్చు. చేతులు కాళ్ళు రుద్దవద్దు, మద్యం ఇవ్వవద్దు.

12. తరచూ వచ్చే చిక్కులు, సర్దుబాట్లు

*అందరూ కోట్లతోనే కూర్చున్నారు.* గోడలు వేడెక్కలేదు, లేదా తలుపు తీసిన ప్రతిసారీ గాలి నేరుగా కొడుతోంది. వచ్చే వారం హీటింగ్ ఇంకో గంట ముందుగా మొదలుపెట్టండి; గుమ్మానికి ఎదురుగా ఉన్న బల్లను పక్కకు జరపండి.

*గంట తర్వాత అందరూ మత్తుగా ఉన్నారు.* గాలి మార్చలేదు. హీటింగ్ తగ్గించి, కిటికీలు తెరవండి.

*పాతవాళ్ళదే ఒక బల్ల, కొత్తవాళ్ళు వేరు.* సీటు ఎవరి సొత్తూ కాదని చెప్పడం కన్నా, ప్రతి వారం బల్లల చోటు మార్చడం నయం. జిగ్‌సాను ఇంకో మూలకు మారిస్తే మనుషులూ మారతారు.

*ఒకరే గంటసేపు మాట్లాడుతున్నారు.* వాలంటీర్ వెళ్ళి ఆ మనిషికి ఒక బాధ్యత ఇవ్వాలి: కప్పులు పంచడం, కొత్తవాళ్ళకు ఆట చూపించడం. నోరు మూయించే ప్రయత్నం చేస్తే బల్లంతా బిగుసుకుపోతుంది.

*ఇరవై మంది పేర్లిచ్చి తొమ్మిది మందే వచ్చారు.* ఉచితమైనదానికి పేరు ఇవ్వడం తేలిక, రాకపోవడం ఇంకా తేలిక. రిజిస్ట్రేషన్ తీసేయండి.

*బడి వయసు పిల్లలు పరిగెత్తుతున్నారు.* వాళ్ళకు పనేమీ పెట్టలేదన్నమాట. నీళ్ళ పాత్రకు దూరంగా, తల్లిదండ్రులకు కనపడే మూలలో వేరే బల్ల వేయండి.

13. సర్దేశాక

ఎవరూ బయట నిలబడి బండి కోసం ఎదురుచూడకూడదు; చివరి మనిషి వెళ్ళేదాకా లోపలి దీపం, తలుపు మీవే. హీటర్లు, నీళ్ళ పాత్ర ప్లగ్గులు తీసేయండి. భవనం హీటింగ్ మాత్రం పూర్తిగా ఆపవద్దు, గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగులుతాయి. బాధ్యులు చెప్పిన కనీస వేడి మీద వదలండి. తడి మ్యాట్లు ఆరేయండి, మడిచి పెడితే వారానికి బూజు పడుతుంది.

వెళ్ళేముందు నోటు పుస్తకంలో ఐదు వరసలు రాయండి: ఎంతమంది వచ్చారు, అందులో కొత్త మొహాలు ఎన్ని, తలుపు తీసినప్పుడు ఎన్ని డిగ్రీలు, ఏది సరిపోలేదు, పాత్రలో ఎన్ని లీటర్లు మిగిలాయి. వచ్చే వారం నీళ్ళు ఆ అంకె చూసి పోయండి.